ఒక్క నంద్యాల తప్ప

ఇందిర యుగం: ఏడో భాగం

1977 మార్చి 20 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ జనంతో కిక్కిరిసిపోయింది. పత్రికాఫీసులు వరసగా ఉన్న వీధి అది. కొత్త ఫలితం వచ్చినప్పుడల్లా కేకలు, ఈలలు. రాత్రి గడిచేకొద్దీ అసలు వార్త ఖాయమైంది. రాయ్‌బరేలీలో ప్రధాని ఇందిరాగాంధీ రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. పక్కనే అమేథీలో ఆమె చిన్నకొడుకు సంజయ్ కూడా ఓడిపోయారు.

తక్కిన లెక్క అంతకన్నా ఘోరంగా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలుంటే కాంగ్రెస్‌కు సున్నా. బిహార్‌లో 54 ఉంటే సున్నా. పంజాబ్, హర్యానా, ఢిల్లీల్లోనూ సున్నాలే. రాజస్థాన్‌లో ఒకటి, మధ్యప్రదేశ్‌లో ఒకటి దక్కాయి. అమృత్‌సర్‌లో హౌరా మెయిలెక్కి పట్నాలో దిగితే దారిలో తగిలే ఒక్క ఊరికీ కాంగ్రెస్ ఎంపీ లేడు.

అదే రోజుల్లో శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ నుంచి నెల్లూరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. ఒక్క నంద్యాల తప్ప.

దేశం తిరగబడుతుంటే తెలుగువాళ్ళు ఆమె వెనక నిలబడ్డారేమిటి? అప్పట్లో ఉత్తరాది పత్రికలకు ఇది అంతుపట్టలేదు. దక్షిణాది వాళ్ళకు ప్రజాస్వామ్యం విలువ తెలియదని కొందరు తేల్చేశారు. ఉత్తరాది వాళ్ళు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు భయపడి ఓటేశారే తప్ప రాజ్యాంగం మీద ప్రేమతో కాదని మరికొందరు ఎదురు చెప్పారు. రెండూ తొందరపాటు మాటలే. ఎమర్జెన్సీ అనేది దేశమంతటా ఒకేలా దిగిన చట్టమే గానీ, దేశమంతటా ఒకేలా జరిగిన అనుభవం కాదు. ఎవరికి దాని ఏ ముఖం కనిపించిందో వాళ్ళు ఆ ముఖానికే ఓటేశారు. తెలుగునేల మీద దాని కఠిన ముఖాన్ని చూసినవాళ్ళు ఉన్నారు. అయితే వాళ్ళు ఎక్కువగా అడవుల్లోనూ జైళ్ళలోనూ ఉన్నారు, వాళ్ళ వార్త పత్రికల్లోకి రాలేదు.

ముందుగా నంద్యాల సంగతి చూద్దాం. అక్కడ జనతా పార్టీ తరఫున కాంగ్రెస్ అభ్యర్థి పెండేకంటి వెంకటసుబ్బయ్యను ఓడించినవారు నీలం సంజీవరెడ్డి. 1969లో కాంగ్రెస్ ఆయన్నే రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెడితే, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని చెప్పి సొంత పార్టీ అభ్యర్థినే ఓడించారు ఇందిర. గెలిచిన వి.వి. గిరి కూడా తెలుగువాడే. ఆ దెబ్బతో సంజీవరెడ్డి రాజకీయాలు వదిలి అనంతపురం జిల్లాలో వ్యవసాయం చూసుకున్నారు. 1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంతో మళ్ళీ బయటికొచ్చి, 1977లో రాష్ట్రం మొత్తానికి ఏకైక జనతా ఎంపీ అయ్యారు. మార్చిలో లోక్‌సభ స్పీకరు, జులైలో పోటీయే లేకుండా రాష్ట్రపతి. ఎనిమిదేళ్ళ కిందట చేజారిన కుర్చీలోకి, చేజార్చిన మనిషి ఓడిపోయిన ఏడాదే వెళ్ళి కూర్చున్నారు.

మరో తెలుగు పెద్ద సరిగ్గా ఎదురు దిక్కున ఉన్నారు. ఎమర్జెన్సీ నాటి కేంద్ర హోంమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. ఎమర్జెన్సీ పెట్టిన రాత్రి ఈ పదవికి ఎంత విలువ దక్కిందో తర్వాత ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ ముందు బయటపడింది. 1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టబోతున్నారన్న సంగతి దేశ హోంమంత్రికి తెలిసింది రాత్రి బాగా పొద్దుపోయాకే. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు ఉదయం ఆరింటికి. అప్పటికే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకమూ అయిపోయింది, అరెస్టులూ మొదలయ్యాయి.

కిందటి భాగంలో అలహాబాద్ తీర్పు దగ్గర ఆగాం కాబట్టి ఒక్క మాటలో కథ కలుపుదాం. జూన్ 12న జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా రాయ్‌బరేలీ ఎన్నిక చెల్లదన్నారు. పదమూడు రోజులకు ఎమర్జెన్సీ వచ్చింది. 21 నెలలు సాగింది. లక్షమందికి పైగా విచారణ లేకుండా జైళ్ళకు వెళ్ళారు. పత్రికల మీద సెన్సార్ కూర్చుంది.

ఉత్తరాదిలో ఈ 21 నెలల కథ ప్రధానంగా రెండు చోట్ల జరిగింది: ఒకటి గుడిసెల కూల్చివేత, రెండు కుటుంబ నియంత్రణ శిబిరం. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్ళు కూలగొడుతుంటే అడ్డుపడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అక్టోబరులో ముజఫర్‌నగర్‌లో ఆపరేషన్ల గొడవ కాల్పుల దాకా వెళ్ళింది. నవంబరులో హర్యానాలోని ఉట్టావర్ అనే ఊరిని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్ళను బళ్ళలో ఎక్కించుకుపోయారు. 1976–77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. టీచర్లకు కోటా, పట్వారీలకు కోటా. కేసు తేకపోతే జీతం ఆగేది. ఈ మాటలు పత్రికల్లో రాలేదు. రావలసిన అవసరమూ లేకపోయింది. ప్రతి పల్లెలోనూ కోతపడినవాడో, పొలాల్లో దాక్కున్నవాడో ఉన్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్లు జరగలేదా? లక్షల్లో జరిగాయి. రాష్ట్రానికి పెట్టిన లక్ష్యాన్నీ మించాయి. ఒత్తిళ్ళూ ఉన్నాయి. అయితే ఊళ్ళను చుట్టుముట్టడం, కాల్పులు జరపడం అన్న స్థాయికి ఉత్తరాదిలో మాదిరి పోలేదు. సంజయ్‌గాంధీ నీడ పడిన రాష్ట్రాలు వేరు, జలగం వెంగళరావు ఏలుతున్న రాష్ట్రం వేరు.

వెంగళరావు పేరెత్తితే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1977లో ఆమెకు 41 సీట్లిచ్చిన ఈ రాష్ట్రమే అంతకు ముందు రెండుసార్లు ఆమె మీద మండిపడింది. 1969లో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ తెలంగాణ రగిలింది. 1971లో దేశమంతా గరీబీ హటావో గాలిలో కాంగ్రెస్‌కు 352 సీట్లిస్తే, తెలంగాణలో ఉన్న 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితి పట్టుకుపోయింది. మరుసటేడు అక్టోబరులో, తెలంగాణ స్థానికులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. జై ఆంధ్ర ఉద్యమంలో కాల్పులు, కర్ఫ్యూలు, నెలల తరబడి ఎన్జీవోల సమ్మె. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. విడదీయనని తెలంగాణ వాళ్ళకూ చెప్పారు, ఆంధ్ర వాళ్ళకూ చెప్పారు ఇందిర. ఇద్దరికీ కోపమే వచ్చింది.

1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, డిసెంబరులో ముఖ్యమంత్రిగా వెంగళరావు. ఖమ్మం జిల్లా రాజకీయాల్లో ఎదిగిన మనిషి. పుట్టింది శ్రీకాకుళం వైపు. అందుకే ఇద్దరికీ సరిపోయాడని అప్పట్లో చమత్కరించేవారు. ఉద్యమాలతో చదువులు పోగొట్టుకున్న పిల్లలు, జీతాలు పోగొట్టుకున్న గుమాస్తాలు, బేరాలు పోగొట్టుకున్న వ్యాపారులు ప్రశాంతతకు మొహం వాచి ఉన్నారు. ఎమర్జెన్సీకి ఏడాదిన్నర ముందే ఇక్కడ శాంతిభద్రతల ప్రభుత్వం ఒకటి కుదురుకుంది. 1975 జూన్‌లో ఢిల్లీలో ఉరిమినట్టు వినిపించిన మాట ఇక్కడి మధ్యతరగతికి ఉన్న క్రమశిక్షణకే మరో పేరులా వినిపించింది. ఆఫీసులకు టైముకు రావడం, ధరలు కాస్త దిగడం, నల్లబజారు వాళ్ళ మీద దాడులు... వాళ్ళు చూసిన ఎమర్జెన్సీ ఇదే.

పల్లెలో చూసినది ఇంకోటి. 1975 జులై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో సగం మాటలు వ్యవసాయ కూలీ చెవికి నేరుగా తాకేవి: ఇళ్ళ స్థలాలు, భూ పరిమితి, అప్పుల వసూలు మీద ఆంక్షలు, వెట్టి చాకిరి రద్దు. భూ పరిమితి చట్టం 1973లోనే వచ్చినా అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. దాని కింద తేలిన మిగులు భూమి వేసిన అంచనాలతో పోలిస్తే వెలవెలబోయింది. అన్నదమ్ముల పేర, పనివాళ్ళ పేర, ఇంకా కొన్ని చోట్ల పుట్టనివాళ్ళ పేర కూడా రాయించుకున్న దొరలున్నారు. అయినా కొందరికి పట్టాలొచ్చాయి, ఎంతోమందికి ఊరిబయట నాలుగు గజాల ఇంటి జాగా వచ్చింది. ఆ కాగితం ఇచ్చిన చేయి తహసీల్దారుదే గానీ, పేరు మాత్రం ఇందిరమ్మది.

ఆ రోజుల చట్టాల్లో ఒకటి ఇప్పటికీ రెవెన్యూ ఆఫీసుల్లో రోజూ వినబడుతుంది. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల్ని అమ్మకూడదు, కొనకూడదు, కొన్నా చెల్లదు అన్న 1977 నాటి 9వ చట్టం. అమల్లోకి వచ్చిన తేదీ 1977 జనవరి 21. ఎన్నికలు పెడుతున్నానని ఇందిర ప్రకటించింది జనవరి 18న. ఎన్నికల కోసమే తెచ్చారని ఎవరైనా అంటే కాదనడం కష్టం. కానీ మాలపల్లెలో పట్టా ఉన్నవాడికి ఆ లెక్క అక్కర్లేదు. తన రెండెకరాలు ఆసామి అప్పు కింద జమ వేసుకోవడానికి వీల్లేదని ప్రభుత్వం అన్నది, చాలు.

ఇక మొదట చెప్పుకున్న ఆ కఠిన ముఖం.

ఎమర్జెన్సీ వచ్చి సరిగ్గా నెల తిరిగేసరికి, 1975 జులై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని పోలీసులు కాల్చి చంపారు. సూరపనేని జనార్దన్, అతని సహచరులు. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ చుట్టూ ఎదిగిన విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చినవాళ్ళు. ఎదురుకాల్పులన్నది పోలీసుల మాట. పట్టుకుని, కట్టేసి చంపారన్నది 1977లో విచారించిన తార్కుండే కమిటీ తేల్చిన మాట. అదే ఏడాది డిసెంబరు 1న హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఆదిలాబాద్ జిల్లా రైతుకూలీ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. వాళ్ళకు క్షమాభిక్ష పెట్టాలని దేశమంతటా మేధావులు, న్యాయవాదులు అడిగి అడిగి అలిసిపోయారు. ఎమర్జెన్సీ చీకట్లో ఆ ఉరి పెద్ద వార్త కూడా కాలేదు. విప్లవ రచయితల సంఘం కవులు వరవరరావు, చెరబండరాజు లాంటివాళ్ళు, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైళ్ళలో ఉన్నారు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఎన్‌కౌంటర్ అన్న మాటను తెలుగునేలకు ఎమర్జెన్సీ తేలేదు. 1969లో శ్రీకాకుళం గిరిజన ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. 1970 జులైలో అక్కడి ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఆ కొండల్లోనే చనిపోయారు. అప్పటికి పత్రికలు స్వేచ్ఛగానే ఉన్నాయి, కోర్టులు తెరిచే ఉన్నాయి. ఆ అడవుల్లో ఉన్నవాళ్ళకు 1975 జూన్ 25 కొత్త శకమేమీ కాదు. మైదానంలో ఉన్నవాళ్ళకు ఆ అడవులు కనబడనే లేదు.

పాత తెలంగాణ సాయుధ పోరాటపు నాయకులు ఇందిర విషయంలో ఎలా విడిపోయారో చూస్తే ఆ కాలం ఎంత గజిబిజిగా ఉండేదో అర్థమవుతుంది. సీపీఐ ప్రధాన కార్యదర్శి చండ్ర రాజేశ్వరరావు. ఆయన పార్టీ ఎమర్జెన్సీని సమర్థించింది. జయప్రకాశ్ ఉద్యమం వెనక మతతత్వ శక్తులూ అమెరికా కుట్రా ఉన్నాయని వాదించింది. సీపీఎం ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య. ఆయన ఎమర్జెన్సీకి బద్ధ వ్యతిరేకి. కానీ ఆ పోరులో జనసంఘ్‌తో చేతులు కలపడానికి ఒప్పుకోలేక 1975లో పార్టీ పదవికే రాజీనామా రాసిచ్చారు. ఒకే పార్టీలో, ఒకే పోరాటంలో కలిసి నడిచిన ఇద్దరు తెలుగువాళ్ళు. ఒకరికి ఆమె ఫాసిజానికి అడ్డుగోడ, ఇంకొకరికి ఆమే నియంత. ఆమెను ఎదిరించేవాళ్ళ పక్కన నిలబడటమూ ఆ రెండోవారికి సాధ్యపడలేదు. వాళ్ళ పార్టీల నుంచి ఇంకా ఎడమకు వెళ్ళినవాళ్ళు గిరాయిపల్లిలో చనిపోయారు. 1978లో భటిండా మహాసభలో సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించడం తప్పని ఒప్పుకుంది. అప్పటికి ఓటర్లు తమ మాట చెప్పేసి ఏడాదయింది.

మరో మరణం గురించి చెప్పకపోతే ఈ భాగం పూర్తికాదు. కొత్త ఎన్నికల ప్రకటన వెలువడిన రెండు రోజులకు, 1977 జనవరి 20న, బెంగళూరులో నటి స్నేహలతారెడ్డి కన్నుమూశారు. ‘సంస్కార’ సినిమా నాయిక ఆమె. భర్త తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి నెల్లూరి కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ పట్టాభి. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ స్నేహితురాలన్న అనుమానంతో ఆమెను 1976 మేలో బరోడా డైనమైట్ కేసు పేర పట్టుకెళ్ళారు. ఉబ్బసం ఉన్న మనిషిని బెంగళూరు సెంట్రల్ జైల్లో నెలల తరబడి ఉంచారు. ఇక బతకదని తేలాక పెరోల్ మీద వదిలారు. ఐదు రోజులు బతికారు. కర్ణాటకలో ఆ తర్వాత రెండు నెలలకు కాంగ్రెస్ 28 స్థానాల్లో 26 గెలిచింది.

సీట్ల పటం చూస్తే ఉత్తరం ఒకవైపు, దక్షిణం ఇంకోవైపు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఓట్ల పట్టిక తీస్తే ఆ గీత చెరిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు పడ్డవి 57 శాతం. జనతాకు మూడో వంతుకు దగ్గరగా పడ్డాయి, దక్కింది మాత్రం ఒక్క సీటు. ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్ ఒక్క సీటూ గెలవలేదు గానీ పాతిక శాతం ఓట్లు తెచ్చుకుంది. అంటే ఆపరేషన్లు, కాల్పులు చూసిన ఆ నేల మీద కూడా నలుగురిలో ఒకరు ఆవు దూడ గుర్తు మీదే ముద్ర వేశారు. ఆమెను దండించిన రాష్ట్రం, ఆమెను కాపాడిన రాష్ట్రం అని రెండు వర్గాలు చేయడం మన ఎన్నికల పద్ధతి చేసిన పని. ప్రతి ఊళ్ళోనూ రెండు మాటలూ ఉన్నాయి. ఆంధ్రలో జనతా ఓటర్లలో జై ఆంధ్ర పాత కోపాలున్నవాళ్ళు, మీసా కింద జైలుకెళ్ళొచ్చినవాళ్ళు, గౌతు లచ్చన్న లాంటి పాత స్వతంత్ర, రైతు నాయకుల అనుచరులు, నెల్లూరు కుర్రవాడు వెంకయ్యనాయుడు లాంటి విద్యార్థి నాయకుల మిత్రులు అందరూ ఉన్నారు. వాళ్ళ చేతిలో నెలల పసిపార్టీ తప్ప ఏమీ లేదు.

ఓడినవాళ్ళు ఇంట్లో కూర్చుంటారని అనుకున్నారు జనతా నాయకులు. ఆగస్టులో బిహార్‌లోని బెల్చి అనే ఊళ్ళో దళితుల్ని కాల్చి చంపిన చోటికి వాగు దాటడానికి ఏనుగెక్కి వెళ్ళారు ఇందిర. అక్టోబరు 3న సీబీఐ ఆమెను అరెస్టు చేసింది. మర్నాడే మేజిస్ట్రేటు ఆధారాలు చాలవని వదిలేశారు. ఆమెకు ఇంతకన్నా మంచి ప్రచారం జనతా ప్రభుత్వం చేసి ఉండదు.

1978 జనవరి మొదటి వారానికి కాంగ్రెస్ మళ్ళీ చీలింది. ఈసారి చీలికకు తెలుగు పేరే అంటుకుంది. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి కాబట్టి పాత పార్టీని రెడ్డి కాంగ్రెస్ అన్నారు. కొత్తది ఇందిరా కాంగ్రెస్. ఎమర్జెన్సీ కాగితాల మీద సంతకం పెట్టిన హోంమంత్రి ఇప్పుడు ఇందిర వ్యతిరేక శిబిరానికి నాయకుడు. ముఖ్యమంత్రి వెంగళరావు ఆయన వెనకే వెళ్ళారు. జిల్లాల్లో పెద్ద తలకాయలన్నీ వాళ్ళ వెనక వెళ్ళాయి.

ఇందిర దగ్గర మిగిలిన పెద్ద తెలుగు పేర్లలో ఒకటి మర్రి చెన్నారెడ్డి. 1969 తెలంగాణ ఉద్యమంలో ఆమె మాట వినని మనిషే. ఎన్నికల్లో అక్రమాలు చేశారని 1968లో కోర్టు ఆరేళ్ళు అనర్హుడిగా తేల్చడంతో కేంద్ర మంత్రి పదవి పోగొట్టుకున్న మనిషి కూడా. అలహాబాద్ తీర్పు బాధ ఏమిటో ఆమెకన్నా ముందు తెలిసినవాడన్నమాట.

ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు. ఆవు దూడ గుర్తును ఎన్నికల సంఘం స్తంభింపజేసింది. కొత్త గుర్తుగా ఏనుగు, సైకిలు, హస్తం ఉన్నాయని ఢిల్లీ నుంచి బూటాసింగ్ ఫోన్ చేస్తే, విజయవాడలో ఉన్న ఇందిర పి.వి.తో మాట్లాడి హస్తం ఎంచుకున్నారని కాంగ్రెస్ వాళ్ళు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఓటరుకు గుర్తు కొత్త, పార్టీ కొత్త, అభ్యర్థుల్లో సగం కొత్త. పాతది ఒక్కటే, ఆమె మొహం. 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెస్‌కు 175 వచ్చాయి. జనతాకు 60, ముఖ్యమంత్రి పార్టీ అయిన రెడ్డి కాంగ్రెస్‌కు 30. ఏడాది కిందట 41 లోక్‌సభ సీట్లు వెంగళరావు పాలనకు పడ్డ ఓట్లా, ఇందిరకు పడ్డ ఓట్లా అన్న ప్రశ్నకు ఇంతకన్నా తేటగా జవాబు రాదు.

ఆ అసెంబ్లీలో కొత్తగా అడుగుపెట్టిన కుర్రవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. పులివెందుల నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గెలిచింది ఇందిరకు ఎదురు నిలిచిన రెడ్డి కాంగ్రెస్ టికెట్ మీద. చంద్రగిరి నుంచి చంద్రబాబునాయుడు గెలిచింది ఇందిరా కాంగ్రెస్ టికెట్ మీద. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత పేదల ఇళ్ళకు ఇందిరమ్మ పేరు పెట్టింది మొదటాయన. అప్పటికి రెండో ఆయన కాంగ్రెస్‌కు ప్రధాన ప్రత్యర్థి.

పక్క రాష్ట్రం కర్ణాటకలో ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్ అండతో ఆమె 1978 నవంబరులో చిక్కమగళూరు ఉప ఎన్నికలో వీరేంద్ర పాటిల్‌ను 77 వేల ఓట్ల తేడాతో ఓడించి లోక్‌సభకు తిరిగొచ్చారు. డిసెంబరు 19న సభ ఆమెను బహిష్కరించి తీహార్ జైలుకు పంపింది. మర్నాడు లక్నో నుంచి ఢిల్లీ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఇద్దరు యువకులు బొమ్మ తుపాకులతో బెదిరించి వారణాసికి మళ్ళించారు. వాళ్ళ ప్రధాన డిమాండ్: అమ్మను విడిచిపెట్టాలి. ఆ ఇద్దరికీ తర్వాత కాంగ్రెస్ అసెంబ్లీ టికెట్లిచ్చింది. ఆమెను సున్నా చేసిన ఉత్తరప్రదేశ్‌లోనే ఇది జరిగింది.

వాజ్‌పేయి ఆమెను దుర్గ అన్నారని ఇప్పటికీ రాస్తుంటారు. తానలా అనలేదని ఆయనే చెప్పారు. ఎం.ఎఫ్. హుస్సేన్ మాత్రం ఎమర్జెన్సీ రోజుల్లో ఆమెను దుర్గగానే చిత్రించారు. అనని మాట నిలిచిపోవడంలో కూడా జనాభిప్రాయం చేయి ఉంటుంది. మెచ్చుకునేవాళ్ళకు ప్రత్యర్థి నోటి పొగడ్త కావాలి, తిట్టేవాళ్ళకు పొగిడినవాడి పశ్చాత్తాపం కావాలి.

జనతా ప్రభుత్వం తన బరువుకు తానే కూలింది. 1980 జనవరి 3, 6 తేదీల్లో మళ్ళీ లోక్‌సభ ఎన్నికలు. ఇందిర రాయ్‌బరేలీ మీదే భారం వేయలేదు. రెండో స్థానంగా మెదక్‌ను ఎంచుకున్నారు. ఎదురు నిలబడింది కల్వకుర్తి ఎమ్మెల్యే ఎస్. జైపాల్‌రెడ్డి. నలభై నిండలేదు. ఎమర్జెన్సీ నచ్చక కాంగ్రెస్ వదిలి వచ్చిన మనిషి, మాటకారి. గెలవనని ఆయనకూ తెలుసు, ఓటరుకూ తెలుసు. తేడా రెండు లక్షలు దాటింది. రాష్ట్రంలో మళ్ళీ 42కు 41. ఈసారి మినహాయింపు పార్వతీపురం. దేశం మొత్తం మీద 353 సీట్లు.

రెండుచోట్లా గెలిచి రాయ్‌బరేలీ వదులుకున్నారు. 1984 అక్టోబరు 31న చనిపోయేదాకా ఆమె మెదక్ ఎంపీయే. గిరాయిపల్లి అడవి ఉన్న జిల్లా అది. కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు సాక్ష్యాలు సమర్పించిన జస్టిస్ భార్గవ కమిషన్ చివరిదాకా సాగలేదు. ఆ నలుగురి మరణానికి ఎవరికీ శిక్ష పడలేదు. జైపాల్‌రెడ్డి ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగి కాంగ్రెస్‌లో చేరి కేంద్ర మంత్రి అయ్యారు. బ్రహ్మానందరెడ్డి, వెంగళరావు కూడా తిరిగొచ్చారు. నాయకుల అభిప్రాయాలు జనం అభిప్రాయాల కన్నా తేలిగ్గా మారతాయని ఈ జాబితా చూస్తే అనిపించకమానదు.

జనంలో రెండు మాటలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. 2024 మార్చిలో భద్రాచలంలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలుపెట్టింది. అదే ఏడాది జులైలో కేంద్ర ప్రభుత్వం జూన్ 25ను రాజ్యాంగ హత్యా దినంగా పాటించాలని గెజిట్‌లో ప్రకటించింది.

కానీ 1980లో మెదక్ ఎంపీ ఢిల్లీలో ప్రమాణం చేసినప్పుడు తెలుగు కాంగ్రెస్ నాయకులకు ఇంకో సంగతి అర్థం కాలేదు. ఓటు ఆమెదే కాబట్టి ముఖ్యమంత్రి ఎవరైనా ఒకటేనని ఢిల్లీ అనుకుంది. చెన్నారెడ్డి పోయి అంజయ్య, అంజయ్య పోయి భవనం వెంకట్రామ్, ఆయన పోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. మూడేళ్ళు తిరక్కుండానే నాలుగో ముఖ్యమంత్రి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో స్వాగత ఆర్భాటం ఎక్కువైందని రాజీవ్‌గాంధీ అంజయ్యను అందరి ముందూ కసురుకున్నారు. మార్చి 29న హైదరాబాద్‌లో ఒక సినిమా నటుడు పార్టీ పెట్టారు. అప్పటికి మద్రాసులో షూటింగులు పూర్తిచేసుకుంటున్న ఆయన్ను కాంగ్రెస్ వాళ్ళు పట్టించుకోలేదు. తొమ్మిది నెలలకు ఏం జరిగిందో వచ్చే భాగంలో.